కండువాలు కూర్చున్న ఆఫీసు

మా ముత్తాత ఊరికి మునసబు. మా తాత కూడా మునసబే. పైగా చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ళ గట్టు తగాదాలు ఆయన చెబితే తెగేవి. ఆయన వీధి అరుగు మీద కూర్చుంటే, కింద వాకిట్లో మనుషులు చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడేవాళ్ళు. అడగడానికి వచ్చినవాణ్ణి ఆయన వెంటనే పలకరించేవాడు కాదు. వాడు అడగాలి, కాసేపు నిలబడాలి, మళ్ళీ అడగాలి. ఆ తర్వాత కాదనేవాడు కాదు. మా నాన్న తగాదాలు తీర్చలేదు, పెట్టుకున్నాడు. పర్చూరు వైపు పొగాకు కాల్చే బేరన్లు కట్టించి ఒక చేత్తో, ఒకే ఒక్క గట్టు కోసం కోర్టుల చుట్టూ తిరిగి రెండో చేత్తో, ఉన్నదంతా ఊడ్చిపెట్టాడు. నా దాకా మిగిలినవి ఇల్లూ, ఇంటి పేరూ, వెన్ను వంచకుండా కూర్చునే అలవాటూ. వీటిలో ఉద్యోగానికి పనికొచ్చింది చివరిదొక్కటే. గవర్నమెంటు కుర్చీకి వీపు ఆనించకుండా ముప్ఫై ఏళ్ళకి పైగా పనిచేసినవాణ్ణి నేను.

ఇప్పుడు ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలు వేలు నొక్కితే మిషనే చెబుతుందట, మనిషి వచ్చాడో లేదో. మా రోజుల్లో ఆ పని కండువా చేసేది. ఆ సంగతి చెబుదామనే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. కూర్చుని రాయడం నాకు చేతకాదు. ఒక పేరా రాసి, వరండాలో రెండుసార్లు అటూ ఇటూ తిరిగి, మళ్ళీ వచ్చి కూర్చుంటున్నాను. అందుకని ఇది కాస్త అతుకులు వేసినట్టు ఉంటే సర్దుకోండి.

ఎనభైల్లో నన్ను సూపరింటెండెంటుగా వేసిన ఊరు పత్తి మిల్లులకీ మిరప కల్లాలకీ మధ్య ఇరుక్కున్న చిన్న టౌను. రైతులకి విత్తనాల పర్మిట్లూ, పురుగుమందుల పర్మిట్లూ ఇచ్చే ఆఫీసు మాది. కిటికీ తెరిస్తే ఘాటు, మూస్తే ఉక్క. కొత్తగా వచ్చినవాడు మొదటి వారం తుమ్ముతూ పనిచేస్తాడు, రెండో వారం నుంచి తుమ్మడు. తుమ్మడం మానేశాడంటే ఊరివాడైపోయాడని లెక్క.

ఆఫీసులో దాదాపు అందరికీ సొంత చేనో కౌలు చేనో ఉండేది. చేను ఉన్నవాడి మనసు కుర్చీలో నిలవదు. అందుకని వాళ్ళంతా కలిసి ఒక ఏర్పాటు చేసుకున్నారు. పొద్దున్నే వచ్చి కండువా కుర్చీకి వేసి వెళ్ళిపోవడం. కుర్చీకి కండువా ఉందంటే మనిషి ఉన్నట్టే, టీ తాగడానికి వెళ్ళాడు, ఇప్పుడే వస్తాడు. పని మీద వచ్చిన రైతులు కూడా దాన్ని ఒప్పేసుకున్నారు. కండువాని చూసి, దండం పెట్టినంత పని చేసి, బెంచీ మీద కూలబడేవాళ్ళు. ఒకాయన అయితే కుర్చీ కోసమే ప్రత్యేకంగా ఒక కండువా కొన్నాడు.

మా సీనియర్ అసిస్టెంటు మంచి మాటకారి, గొంతు పెద్దది, మిరపచేను ఇంకా పెద్దది. నేను చేరిన మొదటి వారమే అడిగాను ఆయన్ని.

"ఏమండీ, పదిన్నరకి రావాల్సినవారు పన్నెండుకి వచ్చారేం?"

"నేను రాకపోవడమేంటండీ! పదింబావుకే వచ్చింది కదండీ కండువా. వెనకాలే నేను."

గదంతా నవ్వింది. నేను నవ్వలేదు. మర్నాటి నుంచి ఖాళీ కుర్చీ మీద కనబడిన ప్రతి కండువా తీసి మడతపెట్టి నా బీరువాలో పెట్టి తాళం వేశాను. కావలసినవాడు నా దగ్గరికి వచ్చి అడిగి తీసుకోవాలి. అడిగినప్పుడు నేను వెంటనే తల ఎత్తేవాణ్ణి కాదు. ఇది ఎక్కడి అలవాటో మీకు వేరే చెప్పక్కర్లేదు.

"మా ఆవిడ అడుగుతోందండీ, ఉతకాలంట," అనేవాడు సీనియర్ అసిస్టెంటు, చేతులు కట్టుకుని నిలబడి, మిగతావాళ్ళకి కన్ను గీటుతూ. వెనకాల నన్ను 'మునసబుగారు' అనేవాళ్ళు. వెటకారానికే అనేవాళ్ళు. నాకు మాత్రం అది వినసొంపుగానే ఉండేది.

నాలుగు నెలల్లో ఆఫీసు దారికి వచ్చింది. మనుషులు కుర్చీల్లో కూర్చోవడం నేర్చుకున్నారు. కూర్చుని కిటికీలోంచి ఆకాశం చూడటం కూడా నేర్చుకున్నారు. అది చూస్తే నాకు కాళ్ళు నిలిచేవి కావు. టేబుళ్ళ మధ్య తిరుగుతూనే ఉండేవాణ్ణి. పెత్తనం కోసం తిరుగుతున్నానని వాళ్ళు అనుకున్నారు. కల్లంలో ఎండబెట్టుకోవడానికి ఏమీ లేనివాణ్ణి కాబట్టి నాకు తోచక తిరిగాను. అంతకంటే ఏం లేదు.

మా ఆఫీసరు నాకంటే పదిహేనేళ్ళు చిన్నవాడు. పరీక్ష రాసి నేరుగా ఆఫీసరుగా వచ్చినవాడు. నన్ను చూసి మురిసిపోయేవాడు. "మీలాంటివాళ్ళు జిల్లాకి పదిమంది ఉంటే చాలండీ," అనేవాడు. ఆ మురిపెంలోనే ఒక ఆర్డరు వేశాడు. అనుమతి లేకుండా పనివేళల్లో కుర్చీ వదిలినవాళ్ళకి మొదటిసారి మెమో. రెండోసారి పర్మనెంటు వాళ్ళయితే పైకి రిపోర్టు, టెంపరరీ వాళ్ళయితే తీసివేత.

ఆ ఆఫీసులో టెంపరరీ మనిషి ఒక్కరే ఉన్నారు. మా టైపిస్టు. తండ్రి పక్క ఊళ్ళో క్రిస్టియన్ మిషన్ బడి టీచరు. భర్త కూలికి వెళ్ళేవాడు. ఆ ఏడాదే మొదటిసారి ధైర్యం చేసి ఎకరన్నర మిరప కౌలుకి చేశారు. కండువా వ్యవహారంతో ఆ అమ్మాయికి ఎప్పుడూ సంబంధం లేదు. చర్చి గంట కొట్టినట్టు టైముకి వచ్చేది. అలాంటిది ఒకరోజు, కోతకి కూలీలు రాకపోతే, తనే చేలోకి దిగి మధ్యాహ్నానికి ఆఫీసుకి వచ్చింది. మొట్టమొదటి మెమో ఆవిడకే పడింది. ఆ మెమో టైపు చెయ్యాల్సింది కూడా ఆవిడే. తప్పు లేకుండా టైపు చేసి, సంతకం పెట్టి అందుకుంది.

ఫాల్గుణం వచ్చిన కొత్తలు. జిల్లా పెద్దాఫీసరుగారు మర్నాడు తనిఖీకి వస్తారని కబురు. ఆయన్ని వెంటబెట్టుకు రావడానికి మా ఆఫీసరు జీపు తీసుకుని గుంటూరు వెళ్ళాడు. ఆ పూటకి ఇన్‌ఛార్జి నేను. ఊరి చుట్టూ కల్లాలన్నీ ఎర్రగా పరిచి ఉన్నాయి. కాయ ఎండి, ఇంకో రెండు రోజుల్లో గోతాల్లో తొక్కి టిక్కీలు కట్టెయ్యాల్సిన అదను. ఆ అదనులో వాన తగిలితే కాయ తెల్లబడి తాలు అయిపోతుంది. తాలుని మార్కెట్లో కాలితో తన్ని చూస్తారు, చేత్తో ముట్టరు.

పదకొండు దాటాక గాలి ఆగిపోయింది. వరండాలో బెంచీ మీద కూర్చున్న రైతుల్లో ఒకడు లేచి బయటికి వెళ్ళి, మెడ ఎత్తి పైకి చూసి, "ఒరేయ్, మబ్బు రా!" అని కేక వేశాడు. బెంచీ మీద మరి ఎవ్వరూ మిగల్లేదు. పర్మిట్లు, దరఖాస్తులు ఎక్కడివక్కడ వదిలేసి సైకిళ్ళు ఎక్కారు.

లోపల మా వాళ్ళు కదల్లేదు. కలాలు కూడా కదల్లేదు. సీనియర్ అసిస్టెంటు గొంతు సవరించుకున్నాడు.

"తూర్పున బాగా కమ్మిందండీ."

"కమ్మనివ్వండి. మనది ఆఫీసు."

"మబ్బుకి తెలీదు కదండీ ఆఫీసని."

"మీకు తెలుసు కదా."

ఆ రోజు నవ్వు రాలేదు ఎవరికీ. నేను తిరుగుతున్నాను. కిటికీ దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, మళ్ళీ కిటికీ దాకా. టైపు మిషను చప్పుడు ఆగి ఆగి వస్తోంది. ఆ అమ్మాయి చెయ్యి తడబడటం నేను అంతకు ముందు వినలేదు. ఉరుము ఒకటి వినబడింది. మిషను పూర్తిగా ఆగిపోయింది. ఆవిడ లేచి, కాగితం మిషన్లోంచి తీసి, మూత వేసి, నా ముందుకి వచ్చి నిలబడింది.

"నేను వెళ్తున్నానండి. మా ఆయన ఒక్కడే ఉన్నాడు కల్లంలో. కాయ మీద కప్పే పట్టా ఒక్కడు లాగలేడు."

"వెళ్తానని చెబుతున్నారా, వెళ్ళనా అని అడుగుతున్నారా?"

"చెబుతున్నానండి."

"ఆర్డరు సంగతి తెలుసు కదమ్మా. మీకిది రెండోసారి."

"తెలుసండి. నేనే టైపు చేశాను."

"అయితే అడగండి. పర్మిషన్ అడిగితే ఇస్తాను. అడిగి వెళ్తే ఎవరూ ఏమీ అనరు."

ఆవిడ తల అడ్డంగా ఊపింది. "అడగనండి. మీరు కాదంటే మళ్ళీ వెళ్ళలేను. మా తాతలు అరుగుల ముందు నిలబడి అడిగీ అడిగీ మా వంతు కూడా అడిగేశారండి. ఉద్యోగం పోతే పోయింది. ఈ పంట పోతే మా ఆయన మళ్ళీ కూలికి పోవాలి. నేను చూడలేను."

కోపంతో చెప్పలేదు. బస్సు టైము చెప్పినంత మామూలుగా చెప్పింది. ఆవిడ ఒక్క మాట అడిగి ఉంటే, 'వెళ్ళిరా అమ్మా' అని పంపేసి, దొరతనం నిలబెట్టుకుని, హాయిగా కుర్చీలో కూర్చునేవాణ్ణి. అడగలేదు. అడగని మనిషికి ఇవ్వడం ఎలాగో మా ఇంట్లో ఎవరూ నాకు నేర్పలేదు.

అప్పుడు నాకు తట్టిన ఉపాయం చూడండి. ఆవిణ్ణొక్కదాన్నీ వెళ్ళనిస్తే రూలు తప్పినట్టు. ఒకరికి ఒక న్యాయం, మిగతావాళ్ళకి ఇంకో న్యాయం. అందరినీ పంపేస్తే? అప్పుడు అది నా ఆజ్ఞ. ఆజ్ఞ పాటించినవాళ్ళ తప్పు ఏముంటుంది? ఈ తర్కం ఆ క్షణంలో నాకు ఉక్కు స్తంభంలా కనబడింది.

"అందరూ లేవండి," అన్నాను. "ఇది నా ఆజ్ఞ. మీ మీ కల్లాలకి వెళ్ళి, కాయ మీద పట్టాలు కప్పి, వెంటనే తిరిగి రండి."

సీనియర్ అసిస్టెంటు నోరు తెరిచాడు. "అందరమానండీ?"

"తెలుగులోనే చెప్పాను కదా."

ఆ తర్వాత జరిగింది చూసి తీరాలి. నెలల తరబడి కుర్చీల్లో కుదురుగా కూర్చోవడం నేర్చుకున్నవాళ్ళకి లేచేటప్పుడు పాత అలవాటు చెయ్యి చాచింది. ఒక్కొక్కడూ మెడలో కండువా తీసి, కుర్చీకి వేసి, పరిగెత్తాడు. టైపిస్టుకి కండువా లేదు. ముందు పరిగెత్తినవాళ్ళని చూసి, అదేదో ఆఫీసు పద్ధతి అనుకుందో ఏమో, చేతిలో గొడుగు తన కుర్చీకి తగిలించి, అప్పుడే మొదలైన వానలోకి తడుస్తూ పరిగెత్తింది.

మిగిలింది నేనూ, అటెండరూ. "నువ్వు వెళ్ళవా?" అన్నాను.

"నాకేముందండీ ఎండబెట్టడానికి, లుంగీ తప్ప," అన్నాడు.

వాన దబాయించి కురిసింది. పెంకుల మీద చప్పుడుకి నా అడుగులు నాకే వినబడలేదు. కల్లాల వైపు నుంచి కేకలు, "లాగరా, ఆ కొస లాగరా!" అని. వెళ్ళి ఒక కొస పట్టుకోవాలని నాకు అనిపించింది. ఇన్‌ఛార్జిని, కదలకూడదు. గుమ్మం దాకా వెళ్ళడం, వెనక్కి రావడం. అలా ఎన్నిసార్లు తిరిగానో గాని, జీపు వచ్చి ఆగినప్పుడు గుమ్మంలోనే ఉన్నాను.

మర్నాడు రావాల్సిన పెద్దాఫీసరుగారు ఆ రోజే బయల్దేరి వచ్చేశారు. ఇంకో ఊరు వెళ్తూ దారిలోనే మా ఆఫీసు చూసి పోదామన్నారట. ఆయన వెనకే మా ఆఫీసరు. తలుపు దగ్గర ఇద్దరూ ఆగిపోయారు. గదినిండా కుర్చీలు. ప్రతి కుర్చీకీ ఒక కండువా. ఒక కుర్చీకి మాత్రం గొడుగు. మధ్యలో నేను, నిటారుగా.

"స్టాఫ్ ఎక్కడ?" అన్నారు పెద్దాఫీసరుగారు.

నేను నోరు తెరవక ముందే మా ఆఫీసరు అందుకున్నాడు. "ఫీల్డుకి వెళ్ళుంటారు సార్. పంట నష్టం చూడటానికి..." అంటూ నా వైపు చూశాడు. ఆ చూపు నాకు బాగా అర్థమైంది. 'అవునండీ' అంటే చాలు. మిగతాది ఆయన చూసుకుంటాడు.

"కాదండీ," అన్నాను. "వాళ్ళ వాళ్ళ కల్లాలకి వెళ్ళారు. నేనే పంపాను."

"ఎవరు అడిగారు పర్మిషన్?"

"ఎవరూ అడగలేదండీ."

"అడక్కుండానే ఆఫీసు ఆఫీసంతా పంపేశారా? మీరెవరండీ పంపడానికి?"

"ఈ పూటకి ఇన్‌ఛార్జిని."

ఆయన గొడుగు వైపు చూశారు. "వాన పడుతుంటే గొడుగు వదిలేసి వెళ్ళింది ఎవరు?" అన్నారు. అటెండరు బయట గోడ వైపు తిరిగి నవ్వుతున్నాడు. భుజాలు ఊగడం కనబడుతోంది.

తడిసిన చొక్కాలతో మా వాళ్ళు ఒక్కొక్కరే వచ్చి గుమ్మంలో జీపు చూసి బిగుసుకుపోయారు. టైపిస్టు అందరికంటే ఆఖరున వచ్చింది. చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి. పెద్దాఫీసరుగారు ఎవరినీ ఏమీ అనలేదు. నా చేత సంజాయిషీ రాయించి పంపమని మా ఆఫీసరుకి చెప్పి, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయారు.

సాయంత్రం మా ఆఫీసరు నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశాడు. కుర్రవాడు, చెడ్డవాడు కాదు. గొంతు తగ్గించి చెప్పాడు.

"మీ రికార్డు పాడుచేసుకోకండి. ఆ టైపిస్టు ముందుగా లేచి వెళ్ళిపోయింది, ఆవిణ్ణి చూసి మిగతావాళ్ళు వెళ్ళిపోయారు, మీరు ఆపలేకపోయారు. ఇంతే రాయండి. అటెండరు కూడా చూశాడు కదా ఆవిడ ముందు లేవడం."

"ఆవిడ లేచిన మాట నిజమే. వెళ్ళింది మాత్రం నా ఆజ్ఞ మీద."

"ఆవిడ టెంపరరీ అండీ. ఎలాగూ ఉండదు."

"ఉండాలో వద్దో మీరు చూసుకోండి. నా సంజాయిషీలో మాత్రం ఆవిడ లేదు."

ఒక్క వాక్యం రాసిచ్చాను. 'ఈ దినం సిబ్బంది యావన్మందీ నా ఆజ్ఞ ప్రకారం కార్యాలయం విడిచి వెళ్ళినారు.' ఆయన చదివి, 'ఆజ్ఞ' అన్నచోట వేలు పెట్టి, "కనీసం అనుమతి అని మార్చండి," అన్నాడు. అనుమతి అంటే ఎవరో అడిగి ఉండాలి. ఎవరూ అడగలేదు. మార్చలేదు.

నాకు ఇంక్రిమెంటు ఆపేశారు. పొదిలికి బదిలీ చేశారు. మిగతావాళ్ళకి ఒక్క మెమో కూడా రాలేదు. పైవాడు పొమ్మంటే పోయిన కిందివాళ్ళని ఏం చేస్తారు? టైపిస్టు ఉద్యోగం నిలిచింది. తర్వాత కొన్నేళ్ళకి పర్మనెంటు అయిందని విన్నాను. కల్లంలో వాళ్ళ కాయ, ఒక పక్క తాలు పోయినా, చాలా భాగం దక్కిందట. మరుసటి ఏడు మళ్ళీ కౌలుకి చేశారట.

నేను బయల్దేరిన రోజు సీనియర్ అసిస్టెంటు నా ట్రంకుపెట్టె బస్సు మీదికి ఎక్కించడానికి వచ్చాడు. పెట్టె ఎత్తుతూ ఉండబట్టలేక అనేశాడు.

"ఒక్క మాట చెప్పనాండీ? ఆవిణ్ణొక్కదాన్నే పంపుంటే సరిపోయేది కదండీ! ఒక కుర్చీ ఖాళీగా ఉంటే ఆయన అడిగేవాడే కాదు. అడిగితే బాత్రూమ్‌కి వెళ్ళిందనేవాళ్ళం. మా కల్లాల్లో మా తమ్ముళ్ళున్నారు, పాలేళ్ళున్నారు. మేం పరిగెత్తింది మీరు పొమ్మన్నారని!"

నాకు అంతవరకూ ఈ సంగతి తట్టలేదంటే మీరు నమ్మాలి. ఇంత లావు రూల్స్ పుస్తకం కంఠతా వచ్చినవాడికి తట్టలేదు.

టైపిస్టు కూడా వచ్చింది. కృతజ్ఞతలు చెబుతుందని సర్దుకుని నిలబడ్డాను. చెప్పలేదు.

"ఎందుకు చేశారండి అలాగ? నా మూలంగా మీకు బదిలీ అయిందని ఊరంతా అంటోంది. ప్రార్థనకి వెళ్తే అక్కడా అదే అడుగుతున్నారు. నా తప్పు నన్ను చేసుకోనివ్వాల్సిందండి."

"రూలు అందరికీ ఒకటేనమ్మా," అన్నాను.

"అదేనండి. నేను కూడా అందరిలాగే రూలు తప్పుదామనుకున్నాను. మీరు తప్పనిచ్చారు కాదు," అంది. అని, నేను బస్సెక్కి కూర్చున్నాక కిటికీ దగ్గరికి వచ్చి, "పొదిల్లో నీళ్ళకి ఇబ్బందండి. కుండ పట్టుకెళ్తున్నారా?" అని అడిగింది.

పట్టుకెళ్ళడం లేదు. కండక్టరు విజిలు ఊదాడు.

ఆవిడ మాట తప్పని నేను ఈనాటికీ అనుకోవడం లేదు. ఒప్పని అనుకుంటే నా నడక ఆగాలి కదా, అది ఆగలేదు. పొదిలి ఆఫీసులో నలుగురే మనుషులు, అందరూ టైముకి వచ్చేవాళ్ళు, ఎవరికీ ఎక్కడికీ వెళ్ళే పని లేదు. అంత క్రమశిక్షణ నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. ఆ గదిలో మూడేళ్ళు గోడకీ గోడకీ మధ్య తిరిగాను. మబ్బు పడితే మాత్రం బయటికి వచ్చి నిలబడేవాణ్ణి. అక్కడి మబ్బు ఉరిమేది గాని కురిసేది కాదు.

పిల్లలూ, క్రమశిక్షణ మంచిదే. నేను దానికి వ్యతిరేకం చెప్పడం లేదు. కుర్చీలో మనిషి ఉండాలి. ఆ మనిషికి కుర్చీ బయట ఏముందో కూడా తనిఖీ చేసేవాడికి ఎంతో కొంత తెలిసి ఉండాలి. తెలియకపోతే ఒక్కర్ని పంపాల్సిన చోట అందరినీ పంపుతాడు, లేదా అందరినీ కట్టేస్తాడు. నేను రెండూ చేశాను.

ఇంక్రిమెంటు లేని జీతంతో పొదిల్లో ఒక కాపురం, సొంత ఊళ్ళో తాతలనాటి ఇంట్లో ఒక కాపురం నడవలేదు. ఆ వేసవిలో మా ఇంటి వెనక దొడ్డి, అందులోని బావితో సహా, అక్కడి పత్తి మిల్లు వాళ్ళకి అమ్మేశాం.